వెస్టర్న్ స్వారీ గుర్రానికి కళ్లెం: ఎంపిక, అమరిక

కళ్లెం అనే మాటను తెలుగులో రెండు రకాలుగా వాడతాం. గుర్రం తలకు తొడిగే తోలుపట్టీల అమరిక మొత్తం కళ్లెమే. ఆ పట్టీలకు వేలాడుతూ నోట్లో అడ్డంగా నిలిచే ఇనుప కడ్డీ కూడా కళ్లెమే. ఈ వ్యాసం ఆ కడ్డీ గురించి. గుర్రాలశాలల్లో అందరూ దాన్ని బిట్ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడుతున్నాం. దానికి కట్టి రౌతు చేతిలో పట్టుకునే వార్లు పగ్గాలు.

వెస్టర్న్ స్వారీ అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో ఆవుల మందలను కాసిన కౌబాయ్‌ల పనిలోంచి పుట్టింది. తెలుగువాళ్లకు ఆ వేషం 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ నాటినుంచీ పరిచయమే. ఆ టోపీ, ఆ తుపాకీ, దుమ్ము రేపుకుంటూ పోయే ఆ గుర్రం తెలుసు గానీ, కౌబాయ్ రోజంతా చేసే పని తెరమీద అంతగా కనబడదు. మందలోంచి ఒక దూడను విడదీయాలి. పరుగెత్తే దాని మెడమీదికి ఉచ్చుతాడు విసరాలి. పడగానే తాడును జీను ముందున్న కొమ్ముకు చుట్టాలి. ఇదంతా కుడిచేత్తో జరిగే పని. పగ్గాలకు మిగిలేది ఎడమచెయ్యి ఒక్కటే. రెండు చేతుల్లో రెండు పగ్గాలు పట్టుకుని ఎటు తిప్పాలంటే అటు లాగే తీరిక అక్కడ లేదు. అందుకే ఈ పద్ధతిలో తయారైన గుర్రం, పగ్గం మెడకు తాకితే చాలు, తిరుగుతుంది. ఎడమ పగ్గం మెడకు ఆనితే కుడివైపుకు, కుడి పగ్గం ఆనితే ఎడమవైపుకు. పగ్గాలు ఎప్పుడూ కాస్త వదులుగా వేలాడుతూనే ఉంటాయి. బిట్ పని అరుదుగా, సైగలా అందుతుంది.

గుర్రం ఆగడం లేదు కాబట్టి ఇంకాస్త గట్టి బిట్ వెయ్యాలన్నది కొత్తగా గుర్రం కొన్నవాళ్లకు మొదట తట్టే ఆలోచన. ఈ రంగంలో అంతకంటే నష్టం చేసే ఆలోచన ఇంకొకటి లేదు. వెస్టర్న్ సంప్రదాయంలో చూడ్డానికే భయం పుట్టించే బిట్‌ను అన్నీ నేర్చిన గుర్రానికి, నేర్చిన చెయ్యి వేస్తుంది. మొండికేసే పిల్లగుర్రానికి వేసేది అతి సాదా బిట్. కాలిఫోర్నియా పాతకాపులైతే దాని నోట్లో అసలేమీ పెట్టరు. గట్టి బిట్ మొండితనానికి మందు అనుకునేవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. నోరు ఎలా ఉంటుందో, ఇనుము అక్కడ ఏం చేస్తుందో చూస్తే ఇందులోని న్యాయం అర్థమవుతుంది.

నోటి లోపల

మగ గుర్రానికి సాధారణంగా 40 పళ్లు, ఆడగుర్రానికి 36. తేడా ఎక్కువగా కోరపళ్లలోనే. గడ్డి కొరికే ముందుపళ్లకూ, నమిలే దవడపళ్లకూ నడుమ పళ్లు లేని ఖాళీ ఒకటి ఉంటుంది. ప్రకృతి ఆ ఖాళీని ఎందుకిచ్చినా మనిషి మాత్రం దాన్ని బిట్ కోసమే వాడుకున్నాడు. గుర్రాన్ని మచ్చిక చేసి, పెదవి మూలనుంచి బొటనవేలు లోపలికి పెడితే ఆ చోటు తగులుతుంది. కొరుకుతుందన్న భయం అక్కర్లేదు, అక్కడ కొరికే పన్ను లేదు. వేలికి మొదట తడి, వెచ్చదనం తెలుస్తాయి. తర్వాత పల్చని చిగురు కింద ఎముక అంచు తగులుతుంది, కత్తి వెన్నులా సన్నగా. మాంసం లేదు, మెత్తన లేదు. బిట్ బరువంతా, చేతి బలమంతా చివరికి వచ్చి పడేది ఆ అంచుమీద, దాని పక్కనే ఉన్న నాలుకమీద. బిట్ ఎంచుకోబోయే ప్రతివారూ ఒక్కసారైనా ఆ అంచును వేలితో తడిమి చూడాలి. దుకాణంలో గోడకు వేలాడే వంద రకాల మెరుపు అప్పుడు వేరుగా కనిపిస్తుంది.

నోట్లో ఖాళీ కూడా మనం ఊహించినంత ఉండదు. మూసిన నోటిని నాలుక దాదాపు పూర్తిగా నింపేస్తుంది, పైన అంగిలి దానికి ఆనుకునే ఉంటుంది. 1980లలో పశువైద్య పరిశోధకురాలు హిలరీ క్లేటన్ కదిలే ఎక్స్‌రే చిత్రాలతో బిట్ నోట్లో ఏం చేస్తుందో పరిశీలించారు. గుర్రం బిట్‌ను ఊరికే మోస్తూ ఉండదని, నాలుకతో దాన్ని కదిలిస్తుందని, ఒక్కోసారి దవడపళ్ల మధ్యకు తెచ్చుకుంటుందని ఆ చిత్రాల్లో తేలింది. బిట్‌తో గుర్రానికి ఇష్టమో కష్టమో చెప్పే మొదటి సాక్షి నాలుకే.

ఎంపిక మొదలుకావాల్సింది పళ్ల పరీక్షతో. గుర్రానికి 24 పాలపళ్లు. రెండున్నర ఏళ్లనుంచి సుమారు అయిదేళ్ల వయసులోపు అవి ఊడి కొత్తవి వస్తాయి. స్వారీ నేర్పేది కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే. చాలా గుర్రాలకు పై దవడలో, దవడపళ్ల వరసకు ముందు, తోడేలుపన్ను అని పిలిచే చిన్న పన్ను ఒకటి ఉంటుంది. బిట్ దానికి తగిలితే గుర్రం తల విదిలిస్తుంది. అందుకే బిట్ అలవాటు చేసేముందు పశువైద్యులు దాన్ని తీసేస్తుంటారు. దవడపళ్ల అంచులు పదునెక్కితే బుగ్గ లోపలివైపు కోసుకుపోతుంది. కాబట్టి ఏడాదికోసారి చూపించి అరగదీయించాలి. బిట్ మార్చినా తల విదిలించడం మానని గుర్రాల్లో ఎన్నిటికో అసలు జబ్బు పన్నే.

స్నాఫిల్

బిట్‌లు వేల రకాలున్నా పనిచేసే తీరులో పెద్దవి రెండే. ఒకటి స్నాఫిల్. నోటి కడ్డీకి రెండు చివరలా రింగులు, ఆ రింగులకే పగ్గాలు. చెయ్యి ఎంత బలంతో లాగితే నోటికి అంతే చేరుతుంది, పెరగదు. కుడి పగ్గం లాగితే ముక్కు కుడికి వస్తుంది. పిల్లగుర్రానికి అర్థమయ్యే భాష ఇంతే కాబట్టి చదువు దీనితో మొదలవుతుంది. రెండు చేతులూ వాడతారు.

కడ్డీ మధ్యలో ఒక కీలు ఉంటే పగ్గాలు రెండూ లాగినప్పుడు అది అడకత్తెరలా మడుచుకుని నాలుకను, దవడ అంచులను పక్కలనుంచి నొక్కుతుంది. రెండు కీళ్లు పెట్టి నడుమ చిన్న గుండ్రటి ముక్క ఉంచితే ఆ నొక్కుడు తగ్గి బిట్ నాలుకమీద పరుచుకున్నట్టు కూచుంటుంది. నాలుక లావుగా ఉన్న గుర్రాలు కొన్ని దీనికి వెంటనే నెమ్మదిస్తాయి. రింగుల ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. కడ్డీలో జారుతూ తిరిగే వదులు రింగు ప్రతి కదలికనూ నోటికి చేరవేస్తుంది. ఇంగ్లిషు డి అక్షరంలాంటి రింగు నిలకడగా ఉండి, పక్కకు తిప్పేటప్పుడు బుగ్గను ఒత్తి దారి చూపిస్తుంది.

స్నాఫిల్ అనగానే మెత్తనిది అనుకోవడం పొరపాటు. సన్నని తీగలు మెలితిప్పి చేసిన కడ్డీ కూడా స్నాఫిలే, అది చర్మాన్ని కోస్తుంది. కడ్డీ సన్నబడేకొద్దీ బలం చిన్న చోట పడుతుంది. అలాగని మరీ లావు కడ్డీ దయ అనీ చెప్పలేం. చిన్న నోట్లో దానికి చోటు లేక గుర్రం నోరు తెరుచుకునే తిరుగుతుంది.

ఇక్కడే ఒక పెద్ద గందరగోళం. కీలున్న ప్రతి బిట్‌నూ దుకాణాల్లో స్నాఫిల్ అని అమ్ముతారు. స్నాఫిల్‌ను నిర్ణయించేది కీలు కాదు, పగ్గం కట్టే చోటు. టామ్ థంబ్ అనే బిట్‌కు కీలుంది. కానీ రెండు పక్కలా నిలువు కమ్మీలు ఉండి పగ్గం వాటి కింది చివరకు కడతారు. అంటే అది తర్వాత చెప్పబోయే కర్బ్ కుటుంబానికి చెందింది. పగ్గం లాగగానే కీలు మడుచుకుంటుంది, కమ్మీలు లోపలికి వాలి చెంపలు నొక్కుతాయి, గడ్డం కింద గొలుసు బిగుస్తుంది. మూడూ ఒకేసారి. గుర్రానికి ఏ సంగతికి జవాబివ్వాలో తెలియదు. కమ్మీలు పొట్టిగా ఉన్నాయి కాబట్టి ఇది కొత్తవాళ్లకు మంచిదని చెప్పి అమ్మడం అన్యాయం.

కర్బ్, పలుగు లెక్క

కర్బ్ బిట్‌కు రెండు పక్కలా నిలువు కమ్మీలుంటాయి. నోటి కడ్డీకి పైనున్న పొట్టి భాగాన్ని పర్చేజ్ అంటారు. తలపట్టీ, గడ్డం కిందుగా పోయే గొలుసు దానికే తగిలిస్తారు. కడ్డీకి కిందనున్న పొడుగు భాగం షాంక్. పగ్గం దాని చివర ఉంటుంది. పగ్గం లాగితే షాంక్ వెనక్కి, పర్చేజ్ ముందుకి తిరుగుతాయి. గడ్డపు గొలుసు బిగుస్తుంది. పలుగుతో బండరాయి లేపినవాళ్లకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

పర్చేజ్ ఒకటిన్నర అంగుళం, షాంక్ నాలుగున్నర అంగుళాలు అనుకుందాం. నిష్పత్తి ఒకటికి మూడు. పగ్గంమీద కిలో బలం పెడితే గడ్డపు గొలుసులో మూడు కిలోల బిగువు పుడుతుంది. నోటి కడ్డీ దవడ అంచుమీద మోపే బలం ఆ రెండూ కలిసి నాలుగు కిలోలు. పైనుంచి కడ్డీ, కిందినుంచి గొలుసు, మధ్యలో ఇందాక వేలికి తగిలిన ఆ సన్నని ఎముక. పట్టకారులో పెట్టినట్టు. జీనులో కుదురుగా కూచోవడం ఇంకా చేతకానివాడు తూలినప్పుడల్లా పగ్గం పట్టుకుని నిలదొక్కుకుంటాడు. అతని చేతిలో కర్బ్ ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

అయితే నిష్పత్తి ఒక్కటే చూసి బిట్‌ను తూచకూడదు. వేగం అని ఇంకొకటి ఉంది. పొడుగాటి షాంక్ చాలా దూరం తిరిగాక గానీ గొలుసు బిగువు పూర్తిగా రాదు. ఆ తిరిగే లోపల గుర్రానికి కడ్డీ కదిలిన సంగతి తెలుస్తుంది, జవాబివ్వడానికి వ్యవధి దొరుకుతుంది. షాంక్ వెనక్కి వంపు తిరిగి ఉంటే ఇంకాస్త నిదానం. నిటారుగా ఉంటే చురుకు. నేర్చిన గుర్రం ఆ వ్యవధిలోనే పని పూర్తి చేస్తుంది, బలం దాకా పోనివ్వదు. అందుకే పొట్టి షాంక్ మెత్తన, పొడుగు షాంక్ క్రూరం అనే సూత్రం సగమే నిజం. చెయ్యి మంచిదైతే పొడుగు షాంక్ ముందుగా చెప్పి హెచ్చరిస్తుంది. చెయ్యి చెడ్డదైతే అదే దవడ విరిచినంత పని చేస్తుంది.

నోటి కడ్డీ మధ్యలో పైకి వంచిన భాగాన్ని పోర్ట్ అంటారు. తక్కువ ఎత్తు పోర్ట్ నాలుకకు చోటిస్తుంది, బరువు దవడ అంచులమీదికి మారుతుంది. అసలు పోర్ట్ లేని తిన్నని కడ్డీ బరువునంతా నాలుకమీద పెడుతుంది. నాలుక ఒత్తుడు ఓర్చుకోలేని గుర్రాలకు తక్కువ పోర్ట్ వరం లాంటిది. పోర్ట్ ఎత్తు పెరిగాక, పగ్గం లాగినప్పుడు దాని కొస అంగిలిని తాకడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి అది వేరే బిట్, వేరే చేతుల్లో ఉండాల్సిన బిట్.

కాలిఫోర్నియా దారి

బిట్ చరిత్ర చాలా పాతది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫన్ తన స్వారీ గ్రంథంలో గుర్రానికి రెండు బిట్‌లు ఉండాలని, ఒకటి నున్ననిది, ఒకటి ముళ్లది అని రాశాడు. ముళ్ల బిట్‌లు ఇంకా పూర్తిగా పోలేదు. మన దేశంలో జట్కా గుర్రాలకు, పెళ్లి ఊరేగింపు గుర్రాలకు వాటిని వాడేవాళ్లు ఉన్నారు. 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనలు బండి లాగే, బరువు మోసే, స్వారీ చేసే జంతువులకు ముళ్లున్న కళ్లేలు వాడకూడదని స్పష్టంగా నిషేధించాయి.

వెస్టర్న్ బిట్‌ల కథ స్పెయిన్‌నుంచి వస్తుంది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో గుర్రాలు కరీబియన్ దీవులకు చేరాయి. 1519లో కోర్తెస్ 16 గుర్రాలతో మెక్సికో తీరంలో దిగాడు. తర్వాత రెండున్నర శతాబ్దాల్లో మెక్సికో పశువుల కాపరులు, బకేరోలు, స్పెయిన్ పద్ధతిని తమ మందల పనికి తగ్గట్టు మలచుకున్నారు. 1769నుంచి మిషన్లతోపాటు అది కాలిఫోర్నియాకు పోయింది. బకేరో అన్న మాటే ఇంగ్లిషువాళ్ల నోట బకరూ అయింది.

బకేరోలు గుర్రాన్ని తయారుచేసే క్రమం అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మొదటి దశలో నోట్లో ఏమీ ఉండదు. అప్పుడు వాడే సామాను పేరు స్పానిష్‌లో హాకిమా, ఇంగ్లిషులో హ్యాకమోర్. పచ్చితోలు అల్లి చేసిన బొసాల్ అనే దళసరి వలయం ముక్కుదూలంమీద కూచుంటుంది. దానికి గుర్రపు వెంట్రుకలతో పేనిన, సాధారణంగా 22 అడుగుల పొడవుండే మెకాటె తాడు కట్టి, దానితోనే పగ్గాలు, పట్టుకుని నడిపించే తాడు రెండూ చేస్తారు. మన ఎద్దుల ముకుతాడు గుర్తొస్తుంది గానీ తేడా ఉంది. ముకుతాడు ముక్కులోంచి పోతుంది, బొసాల్ పైన ఆనుతుంది అంతే. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే ఏళ్లలో నోరు పుండుగా ఉంటుంది, అప్పుడు ఇనుము పెట్టకుండా ఉండటమే ఇందులోని తెలివి. చదువు ముదిరేకొద్దీ బొసాల్ సన్నబడుతుంది. అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల మందంతో మొదలై చివరికి పెన్సిలంత అవుతుంది.

రెండో దశ రెండు పగ్గాల దశ. నోట్లో బిట్ పెడతారు, దాని కింద సన్న బొసాల్ ఉంచుతారు. చేతిలో నాలుగు వార్లు. మొదట్లో పని అంతా బొసాల్‌తోనే చేయిస్తారు, బిట్ ఊరికే మోయిస్తారు. నెలలు గడిచేకొద్దీ సైగ కొంచెం కొంచెం బిట్ వైపు జరుగుతుంది. ఏ రోజు భారం ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారిందో గుర్రానికి తెలియకూడదు. ఎడ్ కానెల్ ఈ పద్ధతిని రెండు పుస్తకాల్లో రాసిపెట్టాడు, 1952లో హ్యాకమోర్ గురించి, 1964లో బిట్‌ల గురించి. అంతవరకూ ఇది ఎక్కువగా చేతినుంచి చేతికి, మనిషినుంచి మనిషికి వచ్చిన విద్య.

మూడో దశలో వచ్చేది స్పేడ్ బిట్. తిన్నని కడ్డీమీద గరిటెలాంటి రేకు నిలబడి ఉంటుంది. రేకు అడుగున రాగి చక్రం ఒకటి తిరుగుతుంది. గుర్రం నాలుకతో దాన్ని తిప్పినప్పుడల్లా కిచకిచ చప్పుడు వస్తుంది, అందుకే దానికి క్రికెట్, అంటే కీచురాయి, అని పేరు. బల్లమీద పెట్టి చూస్తే ఇది హింసా సాధనంలాగే కనిపిస్తుంది. చూసినవాళ్లు భయపడటంలో తప్పులేదు. కానీ మంచి చేతిలో అది ఎలా పనిచేస్తుందో దగ్గరనుంచి చూడాలి. గుర్రం మెల్లని దౌడులో వస్తోంది. పగ్గాలు వంపుగా వేలాడుతున్నాయి. రౌతు జీనులో వెనక్కి ఒరగడు, పిరుదులు కాస్త బరువుగా కూచుంటాయి అంతే. చెయ్యి అంగుళం పైకి లేస్తుంది. బిట్ చివరలకున్న సన్నని గొలుసులు ఊగుతాయి. గడ్డపు పట్టీ ఇంకా బిగుసుకోలేదు. ఆ ఊపు నోటికి అందగానే గుర్రం వెనక కాళ్లు ఒంటికిందికి తెచ్చుకుని ఆగిపోయింది. లోహం నొక్కకముందే దాని బరువు మారిన సంగతి గుర్రానికి తెలిసింది. స్పేడ్ బిట్‌కు ఉన్న సమర్థన అంతా ఆ ఒక్క అంగుళంలో ఉంది. నాలుగేళ్ల చదువు లేని గుర్రానికి, లేదా చెయ్యి కుదురులేని రౌతుకు దీన్ని ఇవ్వడమంటే నోటిని చీల్చమని ఇచ్చినట్టే.

టెక్సస్ దారి వేరు. అక్కడ ముళ్లపొదల్లో, తొందర పనిలో, ఏడేళ్ల చదువుకు వ్యవధి లేదు. స్నాఫిల్‌తో మొదలుపెట్టి, మెడపగ్గం నేర్పి, తక్కువ పోర్ట్ ఉన్న సాదా కర్బ్‌కు మార్చేవారు. షాంక్ బాగా వెనక్కి వంగి ఉండటంవల్ల గుర్రం బిట్‌తోనే గడ్డి మేయగలిగే గ్రేజింగ్ బిట్ ఆ నేలదే. కాలిఫోర్నియాలో పగ్గాలు చివర కలిసి రోమాల్ అనే తోలు కొరడాగా ముగుస్తాయి. టెక్సస్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి. రౌతు పడిపోయినా, దిగినా అవి నేలకు జారి గుర్రాన్ని కదలకుండా నిలబెడతాయి. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో పొడుగు కొమ్ముల ఆవులను వీధిలో తోలుకుపోయే ప్రదర్శన చూసే ఉంటాయి. ఈసారి చూసినప్పుడు ఆ గుర్రాల నోటివైపు ఒకసారి చూస్తే ఈ తేడాలు కంటికి కనిపిస్తాయి.

ఏ గుర్రానికి ఏది

చదువు మొదలుపెట్టిన గుర్రానికి నున్నని స్నాఫిల్ లేదా బొసాల్. సందేహం వచ్చినప్పుడల్లా స్నాఫిల్‌వైపే మొగ్గడం మంచిది. పగ్గం మెడకు తాకితే తిరగడం, కూచునే బరువును బట్టి ఆగడం వచ్చాక, అంటే చెయ్యి చెప్పకముందే ఒళ్లు చెప్పింది వినడం నేర్చాక, పొట్టి షాంక్, తక్కువ పోర్ట్, నిదానమైన నిష్పత్తి ఉన్న కర్బ్‌కు మారవచ్చు. ఈ మార్పు కోసం కీళ్లున్న షాంక్ బిట్‌లు కొన్నాళ్లు పనికొస్తాయి, అప్పుడు రెండు చేతులూ వాడుకోవచ్చు. ఒంటిచేతి పనికి మాత్రం కీలు లేని కడ్డీయే స్పష్టంగా మాట్లాడుతుంది.

గుర్రం తర్వాత చూడాల్సింది రౌతును. పాత గుర్రం, కొత్త రౌతు అయితే నిర్ణయం రౌతును బట్టే ఉండాలి. కర్బ్‌లో హాయిగా పనిచేసే పదిహేనేళ్ల గుర్రానికి కూడా, పగ్గం పట్టుకుని బాలెన్స్ చేసుకునే పిల్లవాడు ఎక్కినప్పుడు, బిట్ మెత్తనవ్వాలి. బిట్ లేకుండా, ముక్కుపట్టీకి రెండు పక్కలా పగ్గాలు కట్టే సైడ్‌పుల్ కూడా మంచి ఎంపికే. మెకానికల్ హ్యాకమోర్‌ను మాత్రం బిట్ లేదు కదా అని మెత్తనిదనుకోకూడదు. దానికీ షాంక్‌లుంటాయి. అదే పలుగు లెక్క ముక్కుదూలంమీద, గడ్డంమీద పనిచేస్తుంది.

ఆగని గుర్రం సంగతికొస్తే, బిట్ పెంచేముందు మూడు అడగాలి. పళ్లు చూపించారా? జీను వెన్నుకు ఒత్తుతోందా? ఆపడం అనేది ఎప్పుడైనా నిదానంగా, నడకలో నేర్పారా? మూడోదానికి ఎక్కువమంది దగ్గర జవాబు ఉండదు. గట్టి బిట్ వేసిన మొదటి వారం గుర్రం ఆగుతుంది, నొప్పికి ఆశ్చర్యపడి. తర్వాత ఆ నొప్పినుంచి తప్పించుకునే దారులు కనుక్కుంటుంది. తల ఆకాశంలోకి ఎత్తడం, లేదా గడ్డం ఛాతీకి మడిచి బిట్ వెనక దాక్కోవడం, నాలుకను బిట్ పైకి తెచ్చుకోవడం, నోరు బార్లా తెరవడం, తోక విసురుగా తిప్పడం. టామ్ డోరెన్స్, రే హంట్ లాంటి శిక్షకులు గత శతాబ్దంలో జీవితమంతా చెప్పిన దాని సారం, గుర్రం ఏం చేస్తోందో కన్నా ఎందుకు చేస్తోందో ముందు చూడాలన్నదే.

కొలత

ఎంపిక ఎంత తెలివిగా చేసినా కొలత తప్పితే వృథా. మెత్తని దారం ఒక కొసన ముడి వేసి, ఆ ముడిని కుడి పెదవి మూలకు ఆనించి, దారాన్ని బిట్ కూచునే చోటునుంచి ఎడమ మూలదాకా లాగి, అక్కడ గోటితో నొక్కి పట్టుకుని టేపుమీద పెట్టి చూడాలి. గుర్రం నములుతుంది, దారం జారిపోతుంది, రెండు మూడుసార్లు కొలవక తప్పదు. క్వార్టర్ హార్స్ జాతిలో ఎక్కువ నోళ్లు అయిదు అంగుళాలకు, అంటే 12.7 సెంటీమీటర్లకు, అటూఇటూగా ఉంటాయి. స్నాఫిల్‌కు ఆ కొలతకు మొత్తంమీద పావు అంగుళం కలపాలి. ఇరుకైతే పెదవి మూలలు నలుగుతాయి. వదులైతే బిట్ పక్కలకు జారి కీలు ఒక దవడమీదకే చేరుతుంది. కర్బ్‌కు కొలత ఇంకా దగ్గరగా ఉండాలి.

ఎత్తు విషయంలో గుర్రంవాళ్లు ఏకాభిప్రాయానికి రారు. పెదవి మూలలో ఒకటి రెండు ముడతలు పడేట్టు స్నాఫిల్ కట్టాలని చాలామంది నేర్పుతారు. బకేరో పద్ధతివాళ్లు మూలకు తాకీ తాకనట్టు కాస్త దించి కట్టి, గుర్రమే నాలుకతో దాన్ని ఎత్తి పట్టుకోవడం నేర్చుకోవాలంటారు. నెమ్మదిగల గుర్రం విషయంలో రెండో మాటలో నిజముందని నా అభిప్రాయం. కానీ దించడం ఎక్కువైతే మగ గుర్రాల కోరపళ్లకు ఇనుము తగులుతుంది. కర్బ్ గొలుసు గడ్డం కింద చదునుగా, మెలి లేకుండా పడాలి. గొలుసుకూ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పక్కపక్కనే దూరాలి. పగ్గం పట్టినప్పుడు షాంక్ దాదాపు 45 డిగ్రీలు తిరిగేసరికి గొలుసు పట్టుకోవాలి.

లోహం గురించి క్లుప్తంగా. పాతకాపులకు ఇష్టమైనది స్వీట్ ఐరన్. అది తుప్పు పడుతుంది, ఆ తుప్పు రుచి గుర్రాలకు నచ్చి లాలాజలం ఊరుతుందని అనుభవం. తడిగా ఉన్న నోరు మెత్తగా ఉంటుంది కాబట్టి తుప్పు చూసి గీకి పారేయక్కర్లేదు. రాగి తాపడం కూడా అందుకే. స్టెయిన్‌లెస్ స్టీలు శుభ్రంగా ఉంటుంది, తప్పులేదు. అల్యూమినియం నోటిని ఆరబెడుతుందని చాలామంది శిక్షకులు దూరం పెడతారు.

పోటీ నిబంధనలు

1940లో ఏర్పడిన అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నిబంధనలు ఎన్నో పోటీలకు నమూనా. వాటి ప్రకారం కర్బ్ షాంక్ ఎనిమిదిన్నర అంగుళాలు మించకూడదు, పోర్ట్ మూడున్నర అంగుళాలు దాటకూడదు. నోటి కడ్డీ అంగుళంలో పదహారింట అయిదు వంతులకంటే, అంటే సుమారు 8 మిల్లీమీటర్లకంటే, సన్నగా ఉండకూడదు. గడ్డపు పట్టీ కనీసం అర అంగుళం వెడల్పుండాలి. స్నాఫిల్ రింగులు రెండు నుంచి నాలుగు అంగుళాలు. సంప్రదాయంగా అయిదేళ్లు, అంతకు తక్కువ వయసు గుర్రాలకు స్నాఫిల్ లేదా హ్యాకమోర్‌తో రెండు చేతులు వాడే వెసులుబాటు ఇచ్చారు, పెద్ద గుర్రాలు కర్బ్‌తో ఒంటిచేత్తో ప్రదర్శించాలన్నారు. పాత బకేరో క్రమమే నిబంధన రూపంలో కనిపిస్తుంది. కాలిఫోర్నియా పద్ధతి కోసం ఏర్పడిన సంఘం 1970నుంచి మూడేళ్ల గుర్రాలకు స్నాఫిల్ బిట్ ఫ్యూచురిటీ అనే పోటీ నడుపుతోంది. పగ్గాల సైగలతో గుర్రాన్ని నడిపే రైనింగ్ పోటీల్లో ప్రదర్శన అయ్యాక కళ్లెం దించి బిట్‌నూ నోటినీ నిర్ణేతకు చూపించాలి. ఆ నిమిషంలో దాచడానికి వీలుండదు.

కళ్లెం తీసేటప్పుడు

బిట్ వేసే తీరుమీద ఉన్నంత శ్రద్ధ తీసే తీరుమీద ఉండదు. పని అయిపోయింది, రౌతు తొందరలో ఉన్నాడు, తలపట్టీని చెవులమీంచి ఒక్క గుంజు గుంజుతాడు. కర్బ్ కడ్డీ ముందుపళ్లకు కొట్టుకుంటుంది. మర్నాడు కళ్లెం పట్టుకుని దగ్గరికి పోగానే ఆ గుర్రం తల అందనంత ఎత్తుకు లేపుతుంది, అది బిట్‌ను తప్పుబడుతోందని అందరూ అనుకుంటారు. సరైన పద్ధతికి అర నిమిషం చాలు. ముందు గడ్డపు గొలుసు విప్పాలి. తలపట్టీని చెవులు దాటించి అక్కడే చేత్తో పట్టుకుని ఆగాలి. గుర్రం ఒకటి రెండుసార్లు నములుతుంది, నాలుక కదులుతుంది. తర్వాత తానే నోరు తెరిచి తడిసిన ఇనుమును మెల్లగా చేతిలో విడుస్తుంది.